పాపాయి మొహంలోకి నూతినీళ్ళు

ఒకప్పుడు మనుషుల మొహాలు కదిలేవి కావు. ఇప్పుడు మనం ముక్కు ఎగబీలుస్తాం, పెదవి విరుస్తాం, కళ్ళు చికిలిస్తాం, మూతి ముడుస్తాం. అప్పుడు ఇవేవీ లేవు. చూడటానికి రెండు కళ్ళు, తినడానికి ఒక నోరు, మధ్యలో ఊపిరికి ముక్కు, అంతే. మిగతాదంతా అలికిన గోడలా నున్నగా ఉండేది.

పెద్దవాళ్ళకు దాంతో ఇబ్బందేమీ లేదు. మాటలున్నాయి కదా, చెప్పుకునేవాళ్ళు. పులుసు పుల్లగా ఉంటే పుల్లగా ఉందనేవాళ్ళు. అదే పులుసు అత్తగారు పెట్టిందైతే అమృతంలా ఉందనేవాళ్ళు. మొహం కదలదు కాబట్టి అబద్ధం దొరికేది కాదు. కోడళ్ళకు అదో సుఖం.

చిక్కంతా పసిపిల్లలతోనే. వాళ్ళకి మాటలూ రావు, మొహమూ కదలదు. ఆకలేస్తే ఏడ్చేవాళ్ళు, చీమ కుడితే ఏడ్చేవాళ్ళు. రుచి సంగతికొస్తే మాత్రం చప్పుడు లేదు. నోట్లో బెల్లం పెట్టినా అదే చూపు, వేపాకు పెట్టినా అదే చూపు. పడిందల్లా గుటుక్కున మింగేసేవాళ్ళు. ఉమ్మొచ్చుగా అంటారా? మూతి ముడవడం రానివాళ్ళకి ఉమ్మడం ఎలా వస్తుంది?

ఆరు రుచులకూ ఇది తల కొట్టేసినట్టుండేది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు ఒకచోట చేరి రోజూ ఇదే గోల. ఇంత హంగుగా లోపలికి వెళితే పలకరించే దిక్కు లేదని పులుపు వాపోయేది. పులుపుకి మొదటినుంచీ కాస్త టెక్కు ఎక్కువ. తీపి అయితే అలిగి మూడు రోజులు మామిడిపళ్ళలోకి వెళ్ళనే లేదు. ఆ మూడు రోజులూ ఊళ్ళో పళ్ళన్నీ చప్పగా ఏడ్చాయి.

చేదు మాత్రం అలగలేదు. దాని బాధ వేరు.

"మీది మర్యాదల గొడవ," అంది చేదు. "నాది కాపలా ఉద్యోగం. విషం ఉన్నచోటల్లా ముందు నేనే నిలబడి, వద్దు వద్దని కేకేస్తాను. ఆ కేక నోరు దాటి బయటికి వినపడకపోతే ఆ బిడ్డ గతేం కాను?"

 

ఆ రోజుల్లో ఓ కొండ కింద ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె కూతురు బంగారికి పది నెలలు. కొత్తగా పాకడం వచ్చింది. పాకడం వచ్చిన పిల్ల సంగతి మీకు తెలిసిందే, నేల మీద ఏది కనపడితే అది నోట్లోకే. మట్టిబెడ్డ, కోడి ఈక, తాత చుట్టపీక, దేన్నీ వదల్లేదు.

కిందటేడు పైడమ్మ అక్క కొడుకు ఇలాగే ఏదో మింగాడు. ఏం మింగాడో ఎవరికీ తెలియలేదు. మూడు రోజులు వాడు తోటకూర కాడలా వేలాడిపోయాడు. ఇంటిల్లిపాదికీ ముద్ద దిగలేదు. గండం గడిచి వాడు లేచి కూర్చున్నాడు గానీ, అప్పటినుంచి పైడమ్మ గుండె గుప్పెట్లో పెట్టుకునే బతుకుతోంది. రోజుకి నలభైసార్లు బంగారి నోట్లో వేలు పెట్టి చూసేది. ఊపిరి వాసన చూసేది. పిల్ల మొహం చూస్తే ఏమీ తెలియదు కదా మరి.

అత్త అప్పాయమ్మకి ఇదంతా విసుగ్గా ఉండేది. "ఏమే పైడీ, అది పిల్ల నోరా, ధాన్యం గాదెనా? అస్తమానం చెయ్యి పెట్టి దేవుతావు," అని కసిరేది. పైడమ్మ తలొంచుకుని సరే అత్తా అనేది. అత్త అటు తిరగ్గానే మళ్ళీ వేలు పెట్టేది.

ఒకరోజు పొద్దున్నే పైడమ్మ బిడ్డని చంకనేసుకుని నూతికి వెళ్ళింది. నూతికి పదడుగుల దూరంలో ముష్టిచెట్టు నీడ ఉంటే, అక్కడ నేలంతా శుభ్రంగా ఊడ్చింది. పుల్ల లేదు, పురుగు లేదు, పండు లేదు. రెండుసార్లు చూసుకుని పాత చీర పరిచి బంగారిని కూర్చోబెట్టింది. ముష్టిపండు చూడటానికి నారింజలా నిగనిగలాడుతుంది గానీ దాని గింజ నిలువెల్లా విషం. అందుకే అంత జాగ్రత్త. ఇంకే చెట్టు నీడా లేదు, ఏం చేస్తుంది.

కింద ఊడ్చింది సరే, పైన ఎవరు ఊడుస్తారు? కొమ్మ మీద ఒక పిగిలిపిట్ట కూర్చుని పండు పొడుస్తోంది. పొడిచి పొడిచి గింజ దాకా వెళ్ళింది. ముక్కుకి చేదు తగిలి, థూ అని వదిలేసింది. గింజతో సహా ఆ ముక్క తిన్నగా వచ్చి బంగారి ఒళ్ళో పడింది. బంగారి ఆలోచించలేదు. తీసి నోట్లో వేసుకుంది.

పైనుంచి పిట్ట చూసింది. దానికి పైప్రాణాలు పైనే పోయాయి. తను పడేసిన పండు కదా! రెక్కలు కొట్టుకుంటూ గొంతు చించుకుంది.

"చేదు! చేదు! చేదు!"

నూతిగట్టు మీద చేంతాడు పట్టుకున్న పైడమ్మకి ఈ కేక వినిపించింది. నూతి దగ్గర నిలబడినవాళ్ళని ఎవరైనా "చేదు" అంటే ఏమిటర్థం? నీళ్ళు తోడమనే కదా! పిట్టకి దాహమేస్తోంది కాబోలు, తొందర పెడుతోంది అనుకుంది పైడమ్మ.

చేదుతున్నానులే తల్లీ అంటూ గబగబా బొక్కెన పైకి లాగి బిందెలో పోసింది. పిట్ట ఇంకా గట్టిగా చేదు చేదు అని అరిచింది. పైడమ్మ ఇంకో బొక్కెన చేదింది. పిట్ట అరుస్తూనే ఉంది. ఇంట్లో అత్త చాలక ఇక్కడో అత్త తయారైందని గొణుక్కుంటూ పైడమ్మ మూడోది చేదింది. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి బిడ్డని చూసుకుంది కూడా. బంగారి బుద్ధిగా కూర్చుని ఉంది. మొహం ఎప్పటిలాగే నున్నగా ఉంది. పైడమ్మ నిమ్మళంగా నాలుగో బొక్కెన వేసింది.

లోపల చేదు కూడా శక్తికొద్దీ కేకలేస్తోంది. నాలుక మీద గెంతుతోంది, దవడలు పట్టుకు గుంజుతోంది. బయట పిట్ట కేక తప్పుగా వినపడింది, లోపలి కేక అసలే వినపడలేదు.

ఇక లాభం లేదని పిట్ట కొమ్మ దిగి వచ్చి, పైకొచ్చిన బొక్కెన అంచు మీదే వాలింది.

"నీళ్ళు కాదమ్మా. పండు చేదు, ముష్టిపండు. నీ కూతురి నోట్లో ఉంది."

 పైడమ్మ చేతిలో బొక్కెన ఉన్న సంగతి కూడా మరిచిపోయి ఒక్క పరుగున బిడ్డ దగ్గరికి వచ్చి పడింది. నోరు తెరవబోయింది. బంగారి తెరవలేదు. పైన రెండు, కింద రెండు, ఉన్న నాలుగు పళ్ళూ బిగబట్టి కూర్చుంది. రోజుకి నలభైసార్లు వేలు పెడితే ఏ పిల్లయినా అంతే నేర్చుకుంటుంది. పైడమ్మ బతిమాలింది, బుజ్జగించింది, బుగ్గలు నొక్కింది. మింగేసిందో, ఇంకా నోట్లోనే ఉందో ఆ మొహం చూస్తే తెలియడం లేదు.  ఇదేం మొహమే తల్లీ, ఒక్క మాట చెప్పదే అని గొల్లుమంది.

అప్పుడు బొక్కెనలో నీళ్ళు మాట్లాడాయి.

"నామీద రాయి పడితే ఒకలా ముడత పడతాను, ఆకు పడితే ఒకలా ముడత పడతాను. ఏం పడిందో దాచడం నాకు చేతకాదు. నన్ను దాని మొహాన కొట్టు."

పైడమ్మ ఇంకేమీ అడగలేదు. బొక్కెన ఎత్తి ఒక్క విసురున కొట్టింది. ఆ కంగారులో సగం నీళ్ళు బంగారి మొహం మీద పడితే సగం తన మొహం మీదే పడ్డాయి.

నీళ్ళు బంగారి మొహంలోకి ఇంకాయి. ఇంకి, నాలుక మీద చేదు గెంతుతున్న చోటు చూసుకున్నాయి. అంతే, అల లేచింది. ముందు నుదురు ముడత పడింది. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. కళ్ళు చిట్లించుకుపోయాయి. ముక్కు పైకి లేచింది, మూతి వంకర్లు తిరిగింది, గడ్డం వణికింది. పుట్టి బుద్ధెరిగాక పైడమ్మ అలాంటి మొహం చూడలేదు. చివరికి నోరు బార్లా తెరుచుకుని, నాలుక బయటికొచ్చి, థూ అని ముష్టిపండు ముక్క చీర మీద పడింది.

పైడమ్మ దాన్ని ఎండలోకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. గింజ గింజలాగే ఉంది. ఒక్క పన్ను గాటు లేదు. నాలుగు పళ్ళ పిల్ల కావడం ఎంత మేలయింది! పోయిన ప్రాణం లేచొచ్చి, పైడమ్మ ఆ బురదలోనే చతికిలబడింది. బిడ్డ నోరు మూడుసార్లు కడిగింది. బిడ్డని గుండెకి హత్తుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. చేదు అయితే ఇన్నాళ్ళకి నా కేక ఒకరు విన్నారంటూ అలిసిపోయి ఓ మూల కూలబడింది. పిట్ట వచ్చి తప్పయిపోయిందమ్మా అంది. పర్లేదులే గానీ ఇంకెప్పుడైనా నూతి దగ్గర మాట్లాడేటప్పుడు పూర్తి మాట మాట్లాడు అని పైడమ్మ ముక్కు చీదుకుంటూ చెప్పింది.

తర్వాత నీళ్ళకు దణ్ణం పెట్టి, ఇక్కడే ఉండిపోండని అడిగింది. మాటలొచ్చేదాకా నిండుగా ఉంటామన్నాయి నీళ్ళు. పెద్దయి దాచుకోవడం నేర్చాక కొంచెం కొంచెంగా ఇంకిపోతామనీ, పూర్తిగా మాత్రం ఎండమనీ చెప్పాయి. పైడమ్మకి అంతే చాలు.

ఇంటికొచ్చేసరికి వార్త ఊరంతా పాకింది. ఆరు రుచులూ మా వంతు అంటే మా వంతని బంగారి ముందు వరస కట్టాయి. బెల్లం నాలుకకి రాస్తే బుగ్గలు పొంగి పెదాలు చప్పరించింది. తీపి అక్కడే అలక మానేసింది. చింతపండు తగిలిస్తే ఒక కన్ను మూసుకుపోయి భుజాలు చెవుల దాకా లేచాయి, ఒళ్ళంతా జలదరించింది. అయిపోయాక మళ్ళీ కావాలని చెయ్యి చాచింది. పులుపు టెక్కు ఇంకా పెరిగింది. జామపిందె వగరుకి నాలుక ఎటు పెట్టుకోవాలో తెలియక తికమకపడింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కారం దగ్గరికి వస్తే మాత్రం, నువ్వు ఇంకో రెండేళ్ళు ఆగమని పైడమ్మ పంపేసింది.

చివరికి అప్పాయమ్మ తన పులుసు ఒక చుక్క తెచ్చి మనవరాలి నాలుక మీద వేసింది. బంగారి మొహం చూసి అందరూ నేల చూపులు చూశారు. అప్పాయమ్మ గరిటె వంక చూసుకుని, ఉప్పు ఎక్కువైనట్టుందే అంది. ఇరవయ్యేళ్ళలో ఆ మాట ఆమె అనడం అదే మొదలు.

ఊళ్ళో తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని నూతికి పరిగెత్తారు. ఏ ఇంటి బొక్కెన ఆ ఇంటి బిడ్డకి, చిందిన నీళ్ళు తల్లికి. ఆ మధ్యాహ్నం పైడమ్మ పది నెలల్లో మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. పక్కన పిల్ల ఏం నోట్లో పెట్టుకున్నా, మొహం చూసి ఎవరో ఒకరు లాగేస్తారు.

మర్నాడు పైడమ్మ బంగారికి పప్పన్నం పెడుతుంటే అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పిల్ల నోరు తెరిస్తే పైడమ్మ నోరూ తెరుచుకుంటోంది. పిల్ల మొహం ముడిస్తే పైడమ్మ మొహమూ ముడుచుకుంటోంది. నిన్న తన మొహం మీద పడ్డ సగం నీళ్ళు ఊరికే పోలేదు మరి.

"ఏమే పైడీ, తినేది అదైతే నీ నోరెందుకు తెరుస్తావు?" అంది అప్పాయమ్మ.

"ఏమో అత్తా. దాని నోట్లో పడిందంతా నా నోట్లో పడ్డట్టే ఉంటోంది," అంది పైడమ్మ.

అప్పటినుంచే పసిపిల్లల మొహాలు ఏ రుచీ దాచుకోలేవు, తీపికి వికసిస్తాయి, పులుపుకి ముడుచుకుంటాయి, చేదుకి థూ అని ఉమ్మేస్తాయి. అప్పటినుంచే పాపాయికి ముద్ద పెట్టే అమ్మ, తన నోట్లో ఏమీ లేకపోయినా, ముందు తానే ఆ... అని నోరు తెరుస్తుంది.