చిటుకు ఇరుకిల్లు

కొండకీ కొండకీ నడుమ ఇప్పలకోన అనే పెద్ద అడవి ఉండేది. అబ్బో, ఎంత దట్టమైన అడవనుకున్నారు! ఎండ నేల మీద పడాలంటే ఆకుల్ని బతిమాలుకోవాల్సిందే. ఆ అడవిలో దుప్పులుండేవి, కొండముచ్చులుండేవి, ఎలుగులు, నెమళ్ళు ఉండేవి. అన్నిటికీ పైన ఒక పెద్దపులి ఉండేది. దాన్ని పులి అని పైకి అనడానికి కూడా ఎవరికీ నోరు వచ్చేది కాదు. "ఆయన" అనేవారు, అంతే.

ఆ కోనలోనే ఒక రేచుకుక్కల గుంపు ఉండేది. రేచులంటే మన ఊరకుక్కలకు అడవి చుట్టాలన్నమాట. ఒళ్ళు ఎర్రగా, తోక నల్లగా ఉంటుంది. అవి మన కుక్కల్లా మొరగవు, ఈల వేస్తాయి. కళ్ళు మూసుకుని విన్నా ఎవరి ఈల ఏదో పోల్చుకుంటాయి.

గుంపుకు నాయకుడు జగజెట్టి. మంచి వేటగాడే, కాదనడానికి లేదు. కానీ గొప్పలకు పోవడంలో అతని తర్వాతే ఎవరైనా. అతని భార్య కెంపి. ఆ ఏటి కాన్పులో ఆమెకు ఒక్క బిడ్డే దక్కాడు. వాడి పేరు చిటుకు. ఆ ఒక్క నలుసు మీదే కెంపి పంచప్రాణాలూ పెట్టుకుంది.

చిటుకుకు కాళ్ళొచ్చాయి. ఇక ఆగుతాడా? కనిపించిందల్లా నోట్లో పెట్టుకునేవాడు. తేలు ఎదురైనా వాసన చూడబోయేవాడు. కెంపి ఇంటి దగ్గర ఉండిపోదామంటే కుదరదు. గుంపు చిన్నది, ఒక్కరు తగ్గినా ఆ రోజు వేట దొరకదు, అందరికీ పస్తే. మరి పెద్దవాళ్ళు వేటకు పోతే పిల్లవాణ్ణి ఎక్కడ ఉంచాలి?

జగజెట్టి కొండ మీది పెద్ద గుహ చూపించాడు. నాయకుడి కొడుకు దర్జాగా ఉండాలన్నాడు. కెంపి సరేనంది. వేట ముగించుకుని వచ్చి చూస్తే చిటుకు గుహలో లేడు. ఒక మూల పాడు చేసి, ఇంకో మూల దొర్లి, అదీ విసుగొచ్చి బయటపడ్డాడు. కొండ అంచున ఒక సీతాకోకచిలుకను తరుముతున్నాడు. ఇంకొక్క గెంతు గెంతితే కింద లోయే. కెంపి పరుగున పోయి మెడ పట్టుకుని వెనక్కి లాగింది.

ఆ సాయంత్రం జగజెట్టి మేనత్త కెంపిని పక్కకు పిలిచింది. ఆమెను గుంపంతా పొన్నత్త అనేది. పళ్ళు అరిగిపోయినా బుద్ధి అరగని ముసలి రేచు. ఆమె బండల కింద ఉన్న ఒక బొరియ చూపించింది. ఎప్పుడో ఒక ఏదుపంది వదిలి వెళ్ళిన బొరియ అది. నోరు చాలా ఇరుకు, లోపల ఒక మలుపు, ఆ మలుపు వెనక చిన్న గది.

"ఇంత ఇరుకా అత్తా?" అంది కెంపి.

"పిల్లవాడు నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్ళు చాపుకుని పడుకోవాలి. అంతకు మించి చోటెందుకే? చోటు ఎక్కువైతే ధ్యాస తిరుగుళ్ళ మీదకు పోతుంది" అంది పొన్నత్త.

జగజెట్టి పడీ పడీ నవ్వాడు. తన కొడుకేమన్నా ఎలుకా అన్నాడు. నవ్వితే నవ్వనీలెమ్మంది పొన్నత్త.

ఆమె పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి రోజు చిటుకును లోపలికి తోయలేదు. ఒక మంచి ఎముక లోపల పెట్టింది, వాడే వెళ్ళాడు. కెంపిని బొరియ నోటి దగ్గర కూర్చోమంది. తర్వాత నాలుగు అడుగులు దూరం జరగమంది. ఆపైన సెలయేటి దాకా వెళ్ళి రమ్మంది. అలా రోజురోజుకూ కాస్త కాస్త పెంచింది. ఒకసారి చిటుకు అల్లరి భరించలేక కెంపి వాణ్ణి బొరియలోకి నెట్టబోయింది. పొన్నత్త అడ్డుపడింది. కోపంతో నెడితే అది ఇల్లు కాదు, చెర అవుతుందని మందలించింది.

అన్నిటికంటే ముఖ్యమైన కట్టడి ఇంకొకటి ఉంది. అమ్మ ఈల వేస్తేనే చిటుకు బయటికి రావాలి. లోపల మారాం చేస్తున్నంతసేపూ అమ్మ ఈల వెయ్యకూడదు. వాడు ఊరుకున్నాకే వెయ్యాలి.

ఇది మాత్రం కెంపికి నరకమైంది. వాడు లోపల కుయ్ కుయ్ మంటుంటే ఇక్కడ ఆమె పాపిష్టి తల్లినా నేను, బిడ్డను బందీ చేశానా అని కుమిలిపోయేది. కానీ పంటి బిగువున ఓర్చుకుంది. కొన్నాళ్ళకు ఏడుపు తగ్గింది. ఆ తర్వాత చిటుకు ఎముక కొరుక్కుంటూ కొరుక్కుంటూ నిద్రపోవడం నేర్చుకున్నాడు.

ఇక పెద్ద వేట రోజు వచ్చింది. పొద్దున్నే కెంపి చిటుకును సెలయేటి ఒడ్డుకు తీసుకెళ్ళి అలిసిపోయేదాకా పరుగెత్తించింది. నీళ్ళు తాగించింది. వాడి పనులన్నీ కానిచ్చింది. వాడి మెడలో అడ్డతీగ దండ ఒకటి వేలాడుతోంది. నాయకుడి బిడ్డకు ఆ దండ వెయ్యడం ఆ గుంపులో ఆనవాయితీ. బొరియ దగ్గర పొన్నత్త దాన్ని తీసెయ్యమంది. ఇరుకు చోట మెడకు ఏదీ ఉండకూడదు, వేరుకో రాయికో తగులుకుంటే ఊపిరి పోతుందని చెప్పింది. జగజెట్టికి ఒళ్ళు మండింది. వంశం పరువు తీస్తున్నారని గొణిగి, ఆ దండ తన మెడలోనే వేసుకున్నాడు. చిటుకు ఎముక పట్టుకుని లోపలికి దూరాడు. కెంపి వెనక్కి తిరిగి చూడకుండా చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. అదీ పొన్నత్త నేర్పిందే.

వేట ముగించుకుని గుంపు మిట్ట మీదకు వచ్చింది. వచ్చింది వచ్చినట్టు నిలిచిపోయింది.

బొరియ ముందు "ఆయన" కూర్చుని ఉన్నాడు.

ఏం చెప్పమంటారు ఆ రూపం! కూర్చుంటేనే బండ మీద బండ పేర్చినట్టున్నాడు. ఊపిరి పీలిస్తే ఒంటి మీది చారలు కదిలేవి. చుట్టూ ఒక్క పిట్ట పలకడం లేదు. సెలయేరు కూడా గొంతు తగ్గించి పారుతున్నట్టుంది.  భయంలోనూ కెంపి చూపు తిప్పుకోలేకపోయింది. ఇంత గొప్ప ప్రాణాన్ని పుట్టించిన అడవే తన గుప్పెడంత బిడ్డనూ పుట్టించింది కదా అనుకుంది.

పులి పంజా ఎత్తింది. బొరియలోకి భుజం దాకా దూర్చింది. మట్టి రాలింది, రాయి గీసుకుంది. కానీ లోపలి మలుపు దాటి ఆ పంజా వెళ్ళలేదు. మళ్ళీ దూర్చింది, మళ్ళీ ఉత్త పంజాయే బయటికి వచ్చింది. బొరియలోంచి చిన్న శబ్దమైనా రాలేదు. చాలాసేపు చూసి పులి లేచి, పొడుగాటి బోదగడ్డిలోకి నడిచిపోయింది.

కెంపికి ఈల వెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. బిడ్డ ఉన్నాడో లేడో తెలియాలంటే ఒక్క ఈల చాలు. కానీ గడ్డిలోంచి ఇంకా పులి వాసన వస్తోంది. ఆగమని పొన్నత్త కళ్ళతోనే చెప్పింది. కెంపి ఈలను గొంతులోనే నొక్కేసుకుంది.

జగజెట్టి ఆగలేదు. తన కొడుకు కలుగులో నక్కాడంటే అడవంతా నవ్వదా అంటూ, మెడలో దండతో ఛాతీ విరుచుకుని దిగాడు. బొరియ ముందు నిలబడ్డాడు.

"బయటికి రారా చిటుకూ! నేను, మీ నాన్నను పిలుస్తున్నాను, రా!"

అంతే. గడ్డి చీలింది. పులి మెరుపులా వచ్చి పడింది. జగజెట్టి పక్కకు దూకాడు గానీ, పులి గోరు అడ్డతీగ దండకు తగులుకుంది. గొంతు బిగుసుకుంది. ఒక్క గుంజుకు జగజెట్టి నేల మీద పొర్లాడు. అదృష్టం, దండ తెగింది. దండతోపాటు ఒక చెవీ ఊడింది. ఈలోగా కెంపి తప్ప మిగతా గుంపంతా నలువైపుల నుంచీ ఈలలు వేస్తూ ముట్టడించింది. పులి వాళ్ళను తేరిపార చూసింది. ఈ పిల్లమూకతో నాకేం పని అన్నట్టు నెమ్మదిగా కొండ ఎక్కి వెళ్ళిపోయింది.

పులి వాసన పోయేదాకా కెంపి కాచుకుంది. అప్పుడు ఈల వేసింది.

బొరియలోంచి ముందు ఎముక బయటికి వచ్చింది, దాని వెనక ఆవలిస్తూ చిటుకు వచ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదు. కెంపి బిడ్డను ఆపాదమస్తకం నాకుతూ భోరున ఏడ్చింది. ఇన్నాళ్ళూ తను చెర అనుకున్న చోటే బిడ్డను కడుపులో పెట్టుకుని కాచిందని అప్పుడు తెలిసింది ఆమెకు.

జగజెట్టి నెత్తురోడుతూ దగ్గరికి వచ్చాడు.

"నేనంత గట్టిగా పిలిచాను కదరా. నీకు వినపడలేదా?"

"వినపడింది నాన్నా" అన్నాడు చిటుకు. "కానీ అమ్మ ఈల వెయ్యలేదుగా."

జగజెట్టి తను పిలిచినప్పుడు వీడు వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకున్నాడు. ఆ ఇరుకు బొరియ ముందు తల నేలకు ఆనించాడు.

నీతి: ప్రేమతో, ఓర్పుతో నేర్పిన కట్టడి బిడ్డకు చెర కాదు, రక్ష, గొప్పలకు పోయి దాన్ని మీరితే ప్రాణం మీదకు వస్తుంది.