సీటు కింద వైరు

ఆదిశేషుది ఎవరికీ చెప్పుకోలేని బాధ.

మార్కాపురంలో కార్ల వైరింగ్ అంటే మీరావలి మేస్త్రీ షెడ్డే. ఆ షెడ్డులో ఆదిశేషు పదహారేళ్లుగా పనిచేస్తున్నాడు. హారను మోగిన తీరును బట్టి బ్యాటరీ ఎంత డీలాపడిందో చెప్పగలడు. 'మేస్త్రీ తర్వాత శేషే' అని ఊళ్లో అనేవాళ్లు. ఆ మాట వినీ వినీ అతనికి అది ఇంటిపేరులా అయిపోయింది.

ఏడాది కిందట కెజియా పనిలో చేరింది. ముప్పై దాటిన మనిషి. అంతకుముందు ఒంగోల్లో బ్యాటరీలు బాగుచేసే చోట పనిచేసింది. తక్కువ మాట్లాడుతుంది. ఆమె వచ్చిన మూడో నెల నుంచీ మేస్త్రీ రోజూ పొద్దున్నే ఆమెను వెనక గదిలోకి పిలిచి గంటసేపు కూర్చోబెట్టేవాడు. తలుపు దగ్గరగా వేసి ఉండేది. లోపల్నుంచి హైబ్రిడ్ అనీ, నారింజ వైర్లనీ ఏవో మాటలు వినిపించేవి.

పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే ఆ హైబ్రిడ్ కార్లు ఊళ్లోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిలో మామూలు చిన్న బ్యాటరీ కాక, మనిషి ప్రాణం తీయగల పెద్ద బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది. దాని వైర్లు నారింజ రంగులో ఉంటాయి. "వాటి జోలికి మాత్రం పోబాక" అని మేస్త్రీ శేషుకు చెప్పాడు. అంతే చెప్పాడు.

తనకేమో పోబాక. ఆమెకేమో గంట పాఠం.

శేషుకు అన్నం సయించడం మానేసింది. కెజియా చేసిన ప్రతి పనిలోనూ తప్పు వెతికేవాడు. తప్పు దొరక్కపోతే ఆ రోజంతా చిరాగ్గా ఉండేది. దొరికితే ఇంకా చిరాగ్గా ఉండేది. ఎందుకంటే మేస్త్రీ ఆమెను తిట్టేవాడు కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేస్త్రీ, హైబ్రిడ్ పని ఆమెకు నేర్పతన్నారు. నాకెందుకు నేర్పరు?"

మీరావలి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి.

"రేపు ఏడింటికి రా" అన్నాడు.

శేషు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో కెజియా కూర్చుని ఉంది. మేస్త్రీ కింద చాప మీద, కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చోమని శేషుకు చాప తట్టి చూపించాడు.

"నిన్న ఎక్కడ ఆపాం?" అని అడిగింది కెజియా.

"చిన్న బ్యాటరీ దగ్గర. దానికి డైనమో నించి చార్జింగు వస్తది..."

"ఈ బండికి డైనమో లేదు మేస్త్రీ గారూ. పెద్ద బ్యాటరీ నించే వస్తది. మొన్న కూడా ఇదే అన్నారు."

"ఔను గదా" అని మేస్త్రీ సిగ్గుగా నవ్వి, రాసుకున్నది కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు.

శేషు చెవులు వేడెక్కాయి. మేస్త్రీ ఆమెకు నేర్పుతున్నాడనుకున్నప్పుడు మండింది ఒకవంతు. ఇప్పుడు మండింది పదివంతులు. ఈ పదహారేళ్లలో ఒక్కసారైనా ఆయన తన ముందు ఇలా కూర్చున్నాడా? 'శేషూ, ఇది నాకు తెలీదు, చెప్పరా' అన్నాడా?

పని ఉందని లేచి వచ్చేశాడు. మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు.

ఆ వారంలోనే పశువుల డాక్టరు విశాలాక్షి షెడ్డుకు వచ్చింది. వానలు పడేలోపు గొర్రెలకు చిటుకు రోగం రాకుండా టీకాలు వెయ్యాలి. కొండవార పల్లెలన్నీ తిరిగేసరికి డబ్బాలో ఐసు కరిగిపోతోంది. టీకా మందు వేడెక్కితే నీళ్లతో సమానం. తన హైబ్రిడ్ కారు డిక్కీలో చిన్న ఫ్రిజ్ పెట్టి, బండి నడిచినంతసేపూ అది పనిచేసేట్టు వైరింగ్ చేసిపెట్టమని అడిగింది.

"కారు కొన్నచోట బయటి వస్తువులు బిగించం అన్నారు. మీరే ఏదన్నా సాయం చెయ్యాలి మేస్త్రీ గారూ."

"కెజియా చేస్తదమ్మా" అన్నాడు మేస్త్రీ.

కెజియా రెండు రోజులు చేసింది. ఆ కారులో చిన్న బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దాని పక్కనే ఫ్యూజు పెట్టి, నారింజ వైర్లకు మూరెడు ఎడంగా వైరు లాగి, సీటు వెనకనుంచి డిక్కీలోకి తీసింది.

ఆ కారు వైపు పోకూడదనుకుంటూనే శేషు నాలుగుసార్లు పోయాడు. నాలుగోసారి కంటపడింది. వెనక సీటును మడతపెట్టే ఇనప బందు పక్కనుంచి వైరు పోతోంది. సీటు నిలువుగా ఉన్నంతకాలం ఏమీ కాదు. సామాను పెట్టుకోవడానికి మడిస్తే ఆ బందు వచ్చి సరిగ్గా వైరు మీద కూర్చుంటుంది. నాలుగు రోజులు మడిచి తీస్తే వైరు పైతొడుగు తెగిపోతుంది.

కెజియా సీటు మడిచి చూడలేదు. మేస్త్రీ కళ్లకు అంత లోపలిది ఆనదు.

శేషు చెబుదామని నోరు తెరిచాడు. అప్పుడే మేస్త్రీ వచ్చి, వంగి చూసి, "పని ముచ్చటగా ఉందమ్మా" అన్నాడు.

శేషు నోరు మూసుకున్నాడు. నా పని కాదు గదా, అనుకున్నాడు.

ఆ రోజు అతనికి అన్నం సయించింది.

ఫ్రిజ్ బాగా చల్లబడింది. డాక్టరమ్మ మురిసిపోతూ కారు తీసుకెళ్లింది. అయిదోరోజు మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"మేస్త్రీ గారూ, దోర్నాల దారిలో ఒక పల్లె బయట ఉన్నాను. ఫ్రిజ్ ఆగిపోయింది. సీటు దగ్గర కాలిన వాసన. భయమేసి బండి ఆపేశాను. మందు ఐసు డబ్బాలోకి మార్చాను గానీ గంటన్నర కూడా ఆగేట్టు లేదు. ఇక్కడ నాలుగొందల గొర్రెలు తోలుకొచ్చి ఉన్నారు."

షెడ్డు వ్యాను శేషు నడిపాడు. పక్కన మేస్త్రీ, వెనక కెజియా. సగం దూరం పోయాక కెజియా తనలో తాను అనుకున్నట్టుగా, "ఎక్కడ తప్పు చేశానో" అంది. ఇలాంటి రోజు వస్తే తనకు సంతోషంగా ఉంటుందని శేషు ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు అద్దంలో ఆమె ముఖం కనిపించకుండా దాన్ని పక్కకు తిప్పాడు.

ఊరి బయట కంపదొడ్ల నిండా గొర్రెలు. డాక్టరమ్మ కారు నీడలో ఐసు డబ్బా పెట్టి, దాని మీద తడిగుడ్డ కప్పింది. డబ్బా పక్కన గొర్రెల కాపరి ముసలమ్మ ఒకామె గొంతుకూర్చుని ఉంది.

"పోయినేడు ఇరవైరెండు పోయినయ్ అయ్యా" అంది మేస్త్రీతో. "పొద్దున మేసినయ్. మాపటికి లెయ్యలా."

కెజియా కొత్త ఫ్యూజు వేసింది. టప్పుమని కాలిపోయింది. ఇక రెండే ఉన్నాయి. ఎక్కడో వైరు ఇనుముకు తగులుతోంది. ఎక్కడో తెలియాలి. ఆమె వెనక సీటు మెత్త పీకి పక్కన పెట్టి, లోపలికి తల దూర్చింది. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల చీకటి.

"ఎవరన్నా లైటు పట్టండి."

మేస్త్రీ శేషు వైపు చూశాడు.

లైటు పట్టడం కొత్తగా చేరినవాళ్లు చేసే పని. శేషు చేతిలోని ఫ్యూజును తిప్పి తిప్పి చూస్తూ, "నేను ఈ ఫ్యూజు సంగతి చూస్తా" అన్నాడు.

మేస్త్రీ టార్చి తీసుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కారులోకి ఎక్కి, పక్కకు ఒరిగి పడుకున్నాడు. చెయ్యి లోపలికి చాపాడు. వెలుతురు వైరు మీద నిలవకుండా అటూ ఇటూ పోతోంది.

"కొంచెం ఎడమకు మేస్త్రీ గారూ."

"ఇటా?"

"కాదు, ఇంకా కిందికి... అయ్యో, దాటిపోయింది."

మేస్త్రీ గడ్డం మీంచి చెమట బొట్లు రాలుతున్నాయి. అవతల ముసలమ్మ డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టి చూసుకుంది. తీసి, మళ్లీ పెట్టింది.

శేషు ఫ్యూజు జేబులో వేసుకున్నాడు. కారు దగ్గరికి పోయి మేస్త్రీ కాలు తట్టాడు.

"మీరు దిగండి."

అతను లోపలికి దూరాడు. ఇప్పుడు టార్చి అతని చేతిలో ఉంది. కాసేపు అటూ ఇటూ తిప్పవచ్చు. వెతుకుతున్నట్టు వెతికి, చివర్లో దొరికినట్టు చూపించవచ్చు. ఎవరికీ అనుమానం రాదు. ఆ ఆలోచన అతనికి వచ్చింది. వచ్చి, ఒక క్షణం ఆగింది కూడా.

శేషు వెలుతురును తిన్నగా ఇనప బందు కిందికి పంపాడు.

"అక్కడ" అన్నాడు. "వైరుకు అడుగువైపు."

కెజియా వేలు పెట్టి తడిమింది. పైతొడుగు తెగి రాగితీగ బయటపడి ఉంది. "దొరికింది!" అంది. అని, చటుక్కున ఆగి, తల తిప్పి అతని ముఖంలోకి చూసింది.

"అన్నా, నీకెట్టా తెలిసింది?"

అతను చూపు వైరు మీదికి తిప్పుకున్నాడు. ఆమె ఇంకాసేపు చూసింది.

"టేపు ఇవ్వు" అంది.

తెగినచోట కోసి కలిపారు. ఇనప బందుకు దూరంగా వైరును ఎలా తిప్పాలో శేషు చెప్పాడు, ఆమె తిప్పింది. మీద గొట్టం తొడిగి, సీటు పదిసార్లు మడిచి తీశారు. ఫ్యూజు నిలబడింది. డాక్టరమ్మ కారు ఆన్ చేస్తే డిక్కీలో ఫ్రిజ్ సన్నగా గుర్రుమంది. మందు అందులోకి మారుస్తున్నప్పుడు చూస్తే, డబ్బాలో మిగిలింది పిడికెడు ఐసు.

టీకాలు మొదలయ్యాయి. గొర్రెల అరుపులతో దొడ్డంతా గోలగోలగా ఉంది. మేస్త్రీ ఒక బండ మీద కూర్చుని కాపరులిచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. శేషు ఆయన ముందు నిలబడ్డాడు.

"మేస్త్రీ, నేనా రోజే చూశా. చూసి చెప్పలా."

మీరావలి గ్లాసు కింద పెట్టాడు.

"నాకెందుకు చెప్తావ్?" అని గడ్డంతో దొడ్డివైపు చూపించాడు.

దొడ్డిలో కెజియా ఒక పొట్టేలును డాక్టరమ్మ ముందు అదిమి పట్టుకుని ఉంది. శేషు వెళ్లి చెప్పాడు. అదే మాట, తల వంచుకుని.

"ఇందాకే తెలిసింది" అంది కెజియా. గొంతులో కోపం దాచుకోలేదు. "ఈ అయిదు రోజుల్లో ఆ బండి తగలబడితే?"

పొట్టేలు గింజుకుంది.

"ఎనక కాళ్లు పట్టుకో" అంది.

పట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూనే ఉన్నాడు. ఆమె వేరే మనిషిని పిలవలేదు.

పది రోజులకు ఇంకో పశువుల డాక్టరు షెడ్డుకు వచ్చాడు. అదే రకం కారు, అదే ఫ్రిజ్. శేషు స్క్రూడ్రైవరు కింద పెట్టి, మేస్త్రీ ఏమంటాడా అని విన్నాడు.

"కెజియా చేస్తది" అన్నాడు మేస్త్రీ.

పాత మంట శేషులో ఒక్కసారి లేచింది. అది ఎక్కడికీ పోలేదని అతనికి అప్పుడే తెలిసింది.

"శేషూ, నువ్వు పక్కన నిలబడి చూడు."

"చూసి?"

మీరావలి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"చూసింది చెప్పు."