పొన్ని చీటీలో నలభై ఎనిమిది

అనగనగా ఏడు అడవులు. వాటిలో చింతచెట్లు దట్టంగా ఉన్న అడవిలో నాంచారి అనే ముంగిస ఉండేది. ఆమెకు పొన్ని ఒక్కతే కూతురు. పొన్నికి కథలంటే ప్రాణం. తాటాకు మీద రాసిన కథ దొరికితే దానికి తిండి కూడా గుర్తుండేది కాదు.

ఒకసారి ఏడు అడవుల పిల్లలకూ ఒకే పరీక్ష పెట్టారు. ఇచ్చిన ఆకు చదవాలి, అందులో ఏముందో చెప్పాలి. వారం తిరిగేసరికి బడి నుంచి చీటీ వచ్చింది. పైన పెద్దగా నలభై ఎనిమిది అని అంకె. కింద సన్నగా మూడు వరుసలు. నాంచారి అంకె చూసింది. 

"నూటికి నలభై ఎనిమిదా? సగం కూడా తెచ్చుకోలేకపోయావా?" అంది.

పొన్ని తల దించుకుంది. పక్క చెట్టు మీది ఉడుత ఈ మాట వింది. ఎన్ని పనులున్నా ఇలాంటివి వినడానికి ఉడుతకు తీరిక దొరుకుతుంది.

"మావాడికి డెబ్భై వచ్చింది వదినా. కథలు చదివితే మార్కులొస్తాయా? ముందు అవి దాచెయ్యి," అంది.

నాంచారికి తల కొట్టేసినట్టయింది. కథల ఆకులన్నీ కట్టగట్టి బొరియ లోపలికి తోసేసింది. నోరు తిరగని మాటలున్న ఆకొకటి తెచ్చి పొన్ని ముందు పెట్టింది.

మొదటి రోజు పొన్ని ఒకచోట ఆగింది. "ఊఁ, తొందరగా," అంది నాంచారి. రెండో రోజు నాలుగుచోట్ల ఆగింది. "ఇది కూడా రాదా?" అని కసిరింది. మూడో రోజు పొన్ని అసలు ఆకు ముట్టుకోలేదు.

"నాకు చదవడం రాదమ్మా. ఇంక చదవను," అంది.

అది ఏడవలేదు, అలగలేదు. మామూలుగా చెప్పింది. నాంచారికి భయం వేసింది. పిల్ల ఏడ్చినా బాగుండును అనిపించింది. చీటీ పట్టుకుని బడికి పరుగెత్తింది.

"మా పిల్లకు చదువు రావడం లేదు, ఏం చెయ్యమంటారు?" అని తాబేలు పంతులమ్మను అడిగింది.

"రావడం లేదని ఎవరు చెప్పారు?"

"ఈ చీటీయే చెప్పిందండి. నూటికి నలభై ఎనిమిది మార్కులు."

తాబేలు నవ్వింది. "ఇవి మార్కులు కావమ్మా. ఏడు అడవుల్లో పొన్ని ఈడు పిల్లల్ని వందమందిని, బాగా చదివేవాళ్లు ముందుండేలా వరుసలో నిలబెడితే, నలభై ఎనిమిది మంది దాని వెనక ఉంటారు. అంటే మీ పిల్ల ఇంచుమించు మధ్యన ఉంది. అయినా ఒక్క పరీక్ష ఆ ఒక్కరోజు సంగతే చెబుతుంది. సరే, కింద రాసింది చదివారా?"

"లేదండి."

"అయితే పరీక్ష ముందు పెద్దవాళ్లకు పెట్టాల్సింది," అంది తాబేలు.

నాంచారి సిగ్గుతో చితికిపోయింది. ఇంటికి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"తప్పు నాదే పొన్నీ. నేనే చీటీ సరిగ్గా చదవలేదు. కింద ఏముందో కాస్త చదివి పెట్టు."

పొన్ని అనుమానంగా చూసింది. కాసేపటికి చీటీ అందుకుంది.

"చదివిన కథను సొంత మాటల్లో చక్కగా చెబుతుంది," అని చదివింది. రెండో వరుస మొదలుపెట్టింది. "క... కఠి..." అని ఆగిపోయి, తల్లి వైపు బిక్కుబిక్కుమంటూ చూసింది.

నాంచారి నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. కదలకుండా కూర్చుంది. పక్క చెట్టు మీద ఉడుత కూడా ఊపిరి బిగబట్టింది.

"కఠిన పదాల దగ్గర ఆగుతుంది," అని పూర్తి చేసింది పొన్ని. ఆ ఊపులో మూడో వరుస గడగడా చదివేసింది. "ఇంట్లో ఎవరైనా తొందరపెట్టకుండా వింటే చాలు."

"వింటున్నానమ్మా," అంది నాంచారి.

నీతి: బడి చీటీని సాంతం చదవనివాళ్లు పిల్లల చదువును తేల్చకూడదు.