ముళ్లపంది అద్దెకిచ్చిన బొరియ

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఒక ముళ్లపంది ఉండేది. ఒళ్లంతా ముళ్లు, బుర్రనిండా ఆశలు. ఒక ఎండాకాలం అది దాచుకున్న దుంపలన్నీ ఉడుముకిచ్చి, వాగు పక్కనున్న పాత బొరియ కొనుక్కుంది. దాన్ని అద్దెకిస్తే ఏడాది పొడుగునా కూర్చుని తినొచ్చని దాని ఆలోచన.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ముందు ఒక వానంతా అందులో తామే కూర్చోవాలి. ఆ తర్వాతే ఇంకొకరిని రమ్మనాలి. ముళ్లపందికి అంత ఓపిక ఎక్కడిది?

"ఏమయ్యా, ఎండాకాలంలో ఏ బొరియైనా పొడిగానే ఉంటుంది. తొలకరి దాకా ఆగు. పైన పగులుంది, పూడ్చు. వాననీళ్లు పక్కకి పోయేలా కాలువ తియ్యి" అంది దాని భార్య.

"పగులు ఎవరు చూస్తారే? అందరూ చూసేది గుమ్మమే" అంది ముళ్లపంది.

గుమ్మానికి ఎర్రమట్టి పూసింది. ముగ్గు పెట్టింది. నెమలీక గుచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అలా తయారైంది ఇల్లు.

కొన్నాళ్లకి కడుపుతో ఉన్న కుందేలు ఒకటి వచ్చింది. గుమ్మం చూసి ముచ్చటపడింది. అయినా, ఇందులో ఒక వాన కూర్చుని చూశావా అని అడిగింది. చూశానని ముళ్లపంది తడుముకోకుండా అబద్ధమాడింది. అద్దెకి దుంపలు తెచ్చిస్తానని ఒప్పుకుని కుందేలు లోపలికి చేరింది. అక్కడే ఇద్దరు పిల్లల్ని కంది.

మొదటి వానకి పైనుంచి చుక్కలు పడ్డాయి. కుందేలు వచ్చి చెప్పింది. అదే సర్దుకుంటుందని ముళ్లపంది పంపేసింది. రెండో వానకి గోడ నాని పెళ్లలు ఊడాయి. కుందేలు మళ్లీ వచ్చింది. ముళ్లపంది వెళ్లి, ఊడినచోట ఇంకాస్త ఎర్రమట్టి పూసి వచ్చింది. మూడో వానకి కప్పు కూలింది.

కుందేలు ఒక పిల్లని నోట కరుచుకుని బయటపడింది. రెండోది మట్టికింద ఉండిపోయింది. ముళ్లపంది పరుగున వచ్చి, గోళ్లు విరిగేలా తవ్వింది. పిల్ల దొరికింది. ఊపిరుంది, కానీ వెనకకాలు నలిగిపోయింది. అది చూసి ముళ్లపంది ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

ఆ తర్వాత అది కప్పు మళ్లీ గట్టిగా కట్టింది. కాలువ తీసింది. ఒక పెద్దవానంతా లోపలే కూర్చుంది. ఒక్క చుక్క కారలేదు. అప్పుడు కుందేలు దగ్గరికి వెళ్లి, అద్దె వద్దు, వచ్చి ఉండమని బతిమాలింది.

"ఇల్లు బాగుచేసే ఉంటావు, అన్నా" అంది కుందేలు. "కానీ ఆ రోజు అడిగితే చూశానన్నావు. ఇప్పుడు నేనొచ్చినా, మబ్బు పట్టినప్పుడల్లా పిల్లల్ని పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంటాను."

 కుంటుకుంటూ గడ్డి మేస్తున్న పిల్లని కాసేపు చూసి, ముళ్లపంది ఇంటిదారి పట్టింది. ఆ ఏడాదంతా ఆ బొరియలోకి ఎవరూ రాలేదు.

నీతి: మనం ఒక వాన గడిపి చూడని ఇంట్లో ఇంకొకరి పిల్లల్ని పడుకోబెట్టకూడదు.