గురువుగారి పీట

కృష్ణానది ఒడ్డున స్తూపం కడుతున్న రోజుల్లో మూలసిరి అనే యువశిల్పి మూడు రోజులుగా ఒక రాతిపలక ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

పలక నిండా భక్తులు. ఏనుగు దిగి వస్తున్న రాజు, బిడ్డను చంకనేసుకున్న తల్లి, అందరూ చేతులు జోడించారు. వాళ్ళ ముఖాలు ఇంకా చెక్కలేదు. మధ్యలో ఒక ఆసనం. దాని మీద ఎవరూ ఉండకూడదు. బుద్ధుణ్ణి చెక్కకుండా ఆసనం ఒక్కటే చెక్కడం అక్కడి శిల్పుల ఆచారం.

మూలసిరికి అదే మింగుడుపడలేదు. ముఖాలు చెక్కడంలో అతనంతటివాడు ఆ ఒడ్డున లేడు. ఆ సంగతి అతనికీ తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంత మంచి రాయి మళ్ళీ ఎప్పుడు చేతికొస్తుందో! ఉండబట్టలేక ఆసనం మీద జేగురు మట్టితో బుద్ధుడి ముఖం గీసేశాడు.

గురువు రేవతుడు వచ్చి చాలాసేపు చూశాడు.

"వట్టి పీటకి దండం పెడుతుంటే చూసేవాళ్ళు నవ్వరా గురువుగారూ?" అన్నాడు మూలసిరి.

"నవ్వుతారేమో. అన్నం వేళయింది, నువ్వు పద. నేను కాళ్ళు కడుక్కుని వస్తా. ఉలి మాత్రం తిన్నాకే పట్టు."

పాకలో శిల్పులంతా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. గురువు మొదటి ముద్ద ఎత్తందే ఎవరూ అన్నం ముట్టరు. ఆయన రాలేదు, ఆయన పీట ఖాళీగానే ఉంది.

అన్నం చల్లారింది. పొద్దున్నుంచీ పోట్లాడుకుంటున్న ఇద్దరు ఆ పీట వైపు చూసి గొంతు తగ్గించారు. వడ్డించే ఆవిడ దాన్ని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. చోటు చాలక గోడకి నొక్కుకుపోయి కూర్చున్నవాడు కూడా దాని మీదికి జరగలేదు.

మూలసిరి పీటను చూడ్డం మానేసి, దాన్ని చూస్తున్నవాళ్ళ ముఖాలు చూశాడు. ఒక్కొక్కరినే చూశాడు. చటుక్కున లేచి బయటికి పరుగెత్తాడు.

రేవతుడు నీళ్ళ ముంతతో పలక ముందే కూర్చుని ఉన్నాడు.

"అందరూ తిన్నారా?"

"లేదండీ. మీ పీటనే చూస్తూ కూర్చున్నారు."

"నేను లేనుగా. ఏముందని చూస్తున్నారు?"

మూలసిరి ముంత అందుకుని తను గీసిన ముఖం మీద నీళ్ళు పోశాడు. జేగురు కారిపోతుంటే కళ్ళు చెమర్చాయి. నిజంగానే మంచి ముఖం అది.

"పద, పాపం వాళ్ళంతా ఆకలితో ఉన్నారు" అని గురువు లేచాడు.

భోజనమయ్యాక మూలసిరి ఆసనం జోలికి పోలేదు. బిడ్డను ఎత్తుకున్న తల్లి దగ్గర కూర్చుని, ఆమె కళ్ళు చెక్కడం మొదలుపెట్టాడు.