సాంచాలు ఆగిన మధ్యాహ్నం

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మురహరి మంచి పనిమంతుడే కానీ, ఇంట్లో ఎవరు తప్పు చేసినా వెంటనే శిక్ష వేసేవాడు, కారణం మాత్రం ఎన్నడూ అడిగేవాడు కాదు.

అతనికీ భార్య సువర్ణకూ ఒక్కతే కూతురు, చందన. మూడో తరగతి చదువుతుండేది. ఏడాది క్రితం వరకు ఆ పిల్లంటే వాడకట్టులో అందరికీ ముద్దు. ఆ తర్వాత ఏమైందో, పూర్తిగా మారిపోయింది. పిలిస్తే పలికేది కాదు. ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేది. తోటి పిల్లలు నవ్వుకుంటుంటే తననే వెక్కిరిస్తున్నారని మీదపడి రక్కేది. ఎవరైనా వెనక నుంచి వచ్చి భుజం తడితే ఉలిక్కిపడి చెయ్యి విసిరేది.

బడి నుంచి వారం వారం ఫిర్యాదు వచ్చేది. వచ్చినప్పుడల్లా మురహరి కూతురితో గోడకుర్చీ వేయించేవాడు. దిష్టి తగిలిందని ఎవరో చెబితే సువర్ణ తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టిన మూడో రోజే చందన ఇంకో పిల్లను కొరికింది.

ఒకరోజు బడిలో భోజనాల వరుసలో నిలబడి ఉండగా, హారిక అనే పిల్ల "జరుగు" అంటూ చందనను వెనక నుంచి తోసింది. చందన గిరుక్కున తిరిగి ఆ పిల్లను నెట్టేసింది. హారిక మెట్ల మీద పడి ముందు పన్ను విరిగింది. సాయంత్రానికల్లా హారిక తల్లిదండ్రులు మురహరి ఇంటి ముందు నిలబడ్డారు. మురహరి తల దించుకున్నాడు.

"ఇగ చాలు," అన్నాడు భార్యతో. "దూరంగా హాస్టల్ల ఏస్తా. అక్కడైతే దారికొస్తది. సోమవారమే తీస్కపోత."

"ఎందుకట్ల చేస్తుందో ఒక్కసారన్న అడుగు," అంది సువర్ణ.

"అడిగేదేముంది? పొగరు!"

ఆదివారం మధ్యాహ్నం సువర్ణ కళ్లు తుడుచుకుంటూ కూతురి బట్టలు పెట్టెలో సర్దుతోంది. పక్క గదిలో సాంచాలు దడదడమంటున్నాయి. చందన గడప మీద అటు తిరిగి కూర్చుని సుద్దముక్కతో బొమ్మలు గీస్తోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగిపోయాయి. ఇల్లంతా నిశ్శబ్దమైంది.

"చందూ, జామపండు తింటవా బిడ్డా?" అంది సువర్ణ మామూలు గొంతుతో.

చందన తల కూడా తిప్పలేదు. సువర్ణ మళ్లీ అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. సువర్ణ లేచి వెళ్లి కూతురి ఎదురుగా కూర్చుని, అదే గొంతుతో అదే మాట అడిగింది.

"తింటా! ఏదీ?" అంటూ చందన చెయ్యి చాపింది.

సువర్ణ వెంటనే భర్తను పిలిచి జరిగింది చెప్పింది.

"అంతా నాటకం," అన్నాడు మురహరి.

"జామపండంటే పానమిచ్చే పిల్ల దానికాడ నాటకమాడుతదా? నువ్వే పిలువు."

మురహరి వెనక నిలబడి పిలిచాడు. చందన పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. పలకలేదు. అరిస్తే తప్ప తిరిగి చూడలేదు. సాంచాల హోరులో ఆ ఇంట్లో అందరూ ఎదురెదురుగా నిలబడి అరుచుకోవడమే అలవాటు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

మురహరి కూతురి ముందు గొంతుకూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరిని కారణం అడిగాడు.

"మా మాటలు నీకు ఇనపడ్తలేవా బిడ్డా?"

"ఇనపడ్తయి నాన్నా. మొఖం చూపిస్తే ఇనపడ్తయి," అంది చందన. "అందరికీ గట్లనే కదా?"

మురహరి కూతురిని దగ్గరికి తీసుకుని ఏడ్చేశాడు.

సోమవారం వాళ్లు హాస్టల్‌కు కాదు, పెద్దాసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ పరీక్షలు చేసి చెప్పింది: "జలుబు ముదిరి రెండు చెవుల్లోనూ పొర వెనక నీరు చేరింది. చెరువులో మునిగినప్పుడు మాటలు ఎలా వినిపిస్తాయో, ఈ పాపకు రోజంతా అలాగే వినిపిస్తున్నాయి. చిన్న ఆపరేషన్ చేస్తే బాగవుతుంది."

"మరి ఈ కొట్టుడు, కొరుకుడు?" అని అడిగాడు మురహరి.

"వెనక ఎవరొస్తున్నారో తెలియకపోతే మీరైనా భయపడరా? అయితే ఏడాది నాటి భయం ఒక్క రోజులో పోదు. ఓపిక పట్టండి. బడిలోనూ చెప్పండి."

ఆపరేషన్ అయింది. తిరిగి వస్తున్నప్పుడు చందన తల్లి చేతినే వింతగా చూడసాగింది. "అమ్మా, నీ గాజులు సప్పుడు చేస్తున్నయే!" అంది. సువర్ణ దారి పొడవునా గాజులు ఆడిస్తూనే ఉంది.

బడిలో సంగతి విని నసీమా టీచర్ నొచ్చుకుంది. "నేను బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పి, వినలేదని పిల్లను బయట నిలబెట్టాను," అంది. ఆ రోజు నుంచి చందనను ముందు వరుసలో కూర్చోబెట్టింది. కోపం వస్తే కొట్టకుండా తన దగ్గరికి రావాలని చెప్పింది. చందన వెళ్లి హారికకు క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు తోటి పిల్లల మీద చెయ్యి చేసుకుంది. మురహరి ఈసారి గోడకుర్చీ వేయించలేదు. పక్కన కూర్చోబెట్టుకుని "ఏమైంది బిడ్డా?" అని అడిగాడు. మూడోసారి ఆ అవసరమే రాలేదు.

మురహరి అంతటితో ఊరుకోలేదు. సాంచాలు నడిచే ప్రతి ఇంటికీ తిరిగి, ఒప్పించి, బడిలోనే పిల్లలందరికీ చెవి పరీక్షలు చేయించాడు. మరో నలుగురికి సరిగా వినపడటం లేదని తేలింది. అందులో ఒకడిని ఊరంతా మొద్దు అని పిలిచేది. వైద్యం అందాక వాడు నెల తిరక్కుండానే ఎక్కాలన్నీ అప్పజెప్పాడు.

బడి వార్షికోత్సవం నాడు చందన, హారిక కలిసి వేదిక మీద ఒక సంభాషణ చెప్పారు. హారిక అడిగిన ప్రతి మాటకూ చందన తడుముకోకుండా, గలగలా బదులిచ్చింది. అది అయిపోగానే అందరికంటే ముందు మురహరి లేచి నిలబడ్డాడు. వెనకే హారిక తల్లిదండ్రులు లేచారు. చూస్తుండగానే బడి ఆవరణంతా చప్పట్లతో మోగిపోయింది. ఆ హోరుకు చందన రెండు చెవులూ మూసుకుని పకపకా నవ్వింది.

నీతి: పిల్లల చెడు ప్రవర్తన వెనక వాళ్లు చెప్పుకోలేని కష్టం ఉండవచ్చు, శిక్షించే ముందు కారణం వెతకాలి, కారణం తెలిశాక తోడుగా నిలబడాలి.