గుంతలో పెట్టిన మందు

దంతవైద్య కళాశాలలో పాఠం చెప్పే డాక్టర్ వకుళ గారికి ఒక అలవాటుంది. పుస్తకంలో దొరికే ప్రశ్న అడిగితే వెంటనే జవాబిస్తారు. దొరకని ప్రశ్న అడిగితే మాత్రం ఎవరో ఒక పేషెంటు సంగతి చెప్పి ఊరుకుంటారు.

ఒకనాడు మస్తాన్‌వలి అనే శిష్యుడు అడిగాడు: "మేడమ్, దవడ ఎముకలో ఇంప్లాంటు మర బిగించే ముందు, తొలిచిన గుంతలో కాస్త మందు పెడతాం. ఆ తర్వాత దాన్ని పట్టుకునేది ఎముకే. పేషెంట్లు వచ్చి మనకు దండాలు పెడుతుంటే నాకు సిగ్గేస్తోంది. ఆ దండాలు తీసుకోవచ్చా?"

ఆవిడ సన్నాయి విద్వాంసుడు అప్పలస్వామి సంగతి ఎత్తుకున్నారు.

బస్సు ప్రమాదంలో ఆయన ముందుపళ్లు ఊడిపోయాయి. వెనక దన్ను లేక పెదవి సన్నాయి పీకను పట్టలేకపోయింది. ఊదితే గాలే వచ్చేది. వేరేచోట వేయించుకున్న ఇంప్లాంట్లు కుదురుకోక ఊడివచ్చాయి. షుగరున్న మనిషి, పైగా ఎముక పలచన. మేళానికి పిలుపులు ఆగిపోయాయి. అప్పుడు వకుళ గారి దగ్గరికి వచ్చి, "తల్లీ, అన్నం ఎలాగో మింగుతాను. నాకు ఊదడానికి పళ్లు కావాలి," అన్నాడు.

ఆవిడ ముందు షుగరు అదుపులోకి తెప్పించారు. తర్వాత దవడలో కొత్తగా తొలిచిన గుంతల్లోనే, ఎముక కట్టుకోవడానికి సాయపడే మందు నింపి, ఇంప్లాంట్లు బిగించారు. నెలల తరబడి సన్నాయి ముట్టనివ్వలేదు. వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే మాట: "పట్టిందా తల్లీ?"

పట్టింది. పళ్లు అమర్చిన రోజు ఆయన కాళ్లమీద పడబోతే ఆవిడ ఆపారు. "పట్టుకున్నది మీ ఎముకండీ. నేను కాస్త మందు పెట్టాను, అంతే."

మళ్లీ ఊదిన మొదటి కచేరీకి ఆవిణ్ణి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. తొలి స్వరం కాస్త వణికింది, తర్వాత నిలదొక్కుకుంది. పాట ముగిసి జనం చప్పట్లు కొడుతుంటే ఆయన కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరిగాడు. అక్కడ గవరయ్య అనే ముసలాయన ఉన్నాడు. పాట పొడుగునా, దానికి ఆధారంగా, శ్రుతి సన్నాయి పట్టింది ఆయనే. అప్పలస్వామి ఆయనకు వంగి దండం పెట్టాడు. ఆ పైన వకుళ గారి వైపు తిరిగి, అంతే వంగి మరో దండం పెట్టాడు. ఈసారి ఆవిడ ఆపలేదు. లేచి నిలబడి, చేతులు జోడించి అందుకున్నారు.

మస్తాన్‌వలి అడిగాడు: "శ్రుతి పట్టే ఆయన ఊదేది ఒక్క స్వరమే కదా మేడమ్?"

"ఒక్కటే," అన్నారు వకుళ గారు. "ఆపకుండా."